గాజుల మెహబూబీ, పండరి కుక్క

కుక్కలంటే నాకు పడదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇందులో సగం కుక్క గొడవే. నా పేరు రోజా, బాన్సువాడ బజారులో నాది జాకెట్లు కుట్టే దుకాణం. పక్క మడిగె మెహబూబక్కది, గాజుల దుకాణం. రెండింటికీ మధ్య ఒకటే గోడ, ముందర ఒకటే అరుగు. మిషను ముందు కూర్చుని తలెత్తితే నాకు మొదట కనిపించేది ఆమే. ఆమె నవ్వూ, దగ్గూ, గిరాకీతో వాదనా ఏళ్ల తరబడి విన్నదాన్ని. నా నోరు కొంచెం దురుసని అందరూ అంటారు. అననీ. ఆమె గురించి మాత్రం ఉన్నది ఉన్నట్టే చెబుతాను.

మెహబూబక్క గాజులు అమ్మేది కాదు, తొడిగేది. ఈ తేడా మా దగ్గర ఆడవాళ్లందరికీ తెలుసు. ఇప్పుడు చాలామంది డబ్బాలో గాజులు కొనుక్కుపోయి, ఇంట్లో సబ్బు నురగ రాసుకుని ఎక్కించుకుంటున్నారు. పెళ్లికీ శ్రావణానికీ మాత్రం ఆమె దగ్గరికే రావాలి. బీర్కూర్ నుంచి, నస్రుల్లాబాద్ నుంచి పొద్దున బస్సుకు దిగే పెళ్లిపిల్లలు ఆమె ముందు కూర్చుని చెయ్యి చాపుతారు. గాజు మణికట్టుకు అతికినట్టు ఉండాలని అమ్మ పట్టు. పగిలితే మంచిది కాదని అమ్మమ్మ బెదిరింపు. ఇక ఆ పిల్ల చెయ్యి కట్టెలా బిగుసుకోక ఏం చేస్తుంది?

అలాంటప్పుడు మెహబూబక్క "భయపడకు" అనదు. ఆ మాట వింటేనే మనిషికి భయం గుర్తొస్తుందని ఆమె నమ్మకం. పట్టుకున్న చేతిని వదిలేసి డబ్బాలు సర్దుకుంటుంది. మీ ఇంట్లో ఇవాళ ఏం కూర అని అడుగుతుంది. పిల్ల బెండకాయో బచ్చలికూరో చెబుతుండగా మళ్లీ చెయ్యి అందుకుంటుంది. బొటనవేలి కింది మెత్తటి కండను లోపలికి ఒత్తి, వేళ్లన్నీ దగ్గరికి చేర్చి, గాజును అట్లా జార్చేస్తుంది. కూర సంగతి ముగిసేలోపు చెయ్యి నిండిపోతుంది. బిగబట్టిన చేతిమీద బలం చూపిస్తే గాజే కాదు, మనిషీ పగులుతుందని ఒకసారి నాతో అంది. నీ గాజులకు ఇంత కథ ఎందుకని నేను నవ్వాను.

ప్రేమల మా ఇద్దరికీ దోస్తు. ఆమె భర్త పండరి వరికోత మిషను నడిపేవాడు. కోతల కాలంలో మహారాష్ట్ర వైపు కూడా పోయేవాడు. అలా పోయినప్పుడే దెగ్లూర్ నుంచి ఒక తెల్ల బొచ్చుకుక్క పిల్లను చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. పిల్లలు లేని ఇల్లు వాళ్లది. దానికి బిట్టు అని పేరు పెట్టి, పండరి చేసిన గారాబానికి హద్దే లేదు. సాయంత్రమైతే దాన్ని ఒళ్లో పెట్టుకుని దువ్వెనతో బొచ్చంతా దువ్వేవాడు. నా జడ ఏనాడైనా దువ్వావా అని ప్రేమల దెప్పేది.

పోయినేడు ఎండాకాలంలో ఒక పొద్దున పండరి వాకిట్లో పళ్లు తోముకుంటూ కూలిపోయాడు. ప్రేమల కేకలకు వాడకట్టు అంతా ఉరికొచ్చింది. బిట్టు మాత్రం ఆయన ఛాతీ మీదికెక్కి నిలబడి ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. మనిషిని దవాఖానకు తీసుకుపోవాలి, కుక్క అడ్డం. కట్టెలు తెచ్చి కొట్టారు. అయినా దిగకపోతే మెడకు తాడు వేసి ఈడ్చి స్తంభానికి కట్టేశారు. కొట్టినవాళ్లు చెడ్డవాళ్లేం కాదు, పండరిని బతికించుకోవాలన్న ఆత్రం. ఆయన దవాఖాన దాకా బతకలేదు. మెహబూబక్క తొడిగిన గాజులను పదోనాడు ప్రేమల చేతుల మీద పగలగొట్టారు. ఆ రోజు మెహబూబక్క దుకాణం తెరవలేదు.

అప్పటి నుంచి బిట్టు ఎవరి చేతినీ ఒంటిమీద పడనివ్వలేదు. ఆఖరికి ప్రేమలను కూడా. మంచం కింద మూలకు నక్కి ఉండేది. గిన్నెలో అన్నం పెట్టి ఆమె అవతలికి పోతే అప్పుడు వచ్చి తినేది. ఎవరైనా చెయ్యెత్తితే చాలు, తల గోక్కోవడానికి ఎత్తినా సరే, పళ్లు బయటపెట్టి వణికేది. దువ్వేవాళ్లు లేక బొచ్చు ఉండలు కట్టింది. ఆ ఉండల కింద రక్తం తాగే గోమార్లు పట్టాయి. గోళ్లు పెరిగి వంకర తిరిగి, ఒకటి అరికాల్లోకి దిగబడింది. కుంటుకుంటూ నడిచేది. దగ్గరికి పోతే వాసన. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని, ప్రేమల చూస్తున్నా సరే.

ప్రేమల ఉండేది కిరాయి ఇంట్లో. ఇంటాయన దిలీప్ నెమ్మదస్తుడు. పండరి పోయాక ఖాళీ చెయ్యమని ఒక్కనాడూ అనలేదు. కానీ ఆయన మనుమరాలు అప్పుడే వాకిట్లో పాకుతోంది, గోడల మీద గోమార్లు పాకుతున్నాయి, పైగా కుక్క కరుస్తుందేమోనని భయం. దసరా లోపల దాన్ని బాగు చేయించు, లేదంటే ఎవరితోనైనా మంజీర నది అవతల వదిలేయించు అన్నాడు. ఆయన తప్పు పట్టడానికి నాకైతే ఏం దొరకలేదు. నేనూ అదే మాట అన్నాను. ఇన్ని బాధల్లో ఈ బాధ నీకెందుకు, వదిలించుకో అని. ప్రేమల నాకేసి చూడకుండా మెహబూబక్కతో చెప్పుకుంది.

"ఆయన చెయ్యి పడ్డది ఇగ దీని మీదనే మిగిలిందక్కా. దీన్ని గూడ ఇడిసిపెడితె నేను గా ఇంట్ల ఎవ్వరి మొఖం చూస్కుంట బతకాలె?"



ఆ తర్వాత ఒకసారి పశువుల దవాఖానకు తీసుకుపోయే ప్రయత్నం చేశారు. ఇద్దరు మనుషులు గోనెసంచి కప్పి పట్టుకోబోతే బిట్టు భయంతో ఒంటికీ రెంటికీ కానిచ్చేసి, అడ్డమొచ్చిన ప్రేమల చేతినే కరిచింది. డాక్టరు ఆమెకు సూది వేయించుకొమ్మని చెప్పి, కుక్క సంగతి నిదానంగా వివరించాడట. మత్తిచ్చి కత్తిరించవచ్చు గానీ ఇది తిండి లేక నీరసపడి ఉంది, మత్తుకు తట్టుకోకపోవచ్చు. పైగా బొచ్చు మళ్లీ పెరుగుతుంది, ప్రతిసారీ మత్తివ్వలేం. ముందు మనిషి చేతికి అలవాటు చెయ్యండి, కొంచెం కొంచెంగా, అది భయపడకముందే చెయ్యి తీసేస్తూ, అన్నాడు. కట్టు కట్టిన చేత్తో దుకాణానికొచ్చి ప్రేమల ఇదంతా ఏడుస్తూ చెప్పింది. మెహబూబక్క సాంతం విని, నా దగ్గరికి వచ్చే పిల్లలు కూడా అంతేగా అంది.

మరుసటి రోజు నుంచి మధ్యాహ్నం గిరాకీ పలచబడే వేళకు ఆమె ప్రేమల ఇంటికి పోవడం మొదలుపెట్టింది. కొడుకు సర్వర్‌కు ఇది నచ్చలేదు. కుక్కను ముట్టుకుని నమాజు ఎలా చేస్తావని అడిగాడు. ఆమె కుక్క పని కోసం ఒక పాత చీర వేరే పెట్టుకుంది. ఇంటికి రాగానే స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని నమాజుకు నిలబడేది. దాహంతో ఉన్న కుక్కకు నీళ్లు పోసినా పుణ్యమని నువ్వు చిన్నప్పుడు చదువుకొచ్చి చెప్పింది నాకు గుర్తుంది అని కొడుకుతో అంది. అతను ఇక ఆ మాట ఎత్తలేదు.

మొదట్లో ఆమె చేసిన పని చూసి నాకు నవ్వొచ్చింది. మంచానికి వీపు పెట్టి కూర్చుని గాజులు జతలు కట్టుకునేది, అంతే. కుక్క వైపు చూసేది కూడా కాదు. ఇంత దూరం వచ్చి కూర్చునేదానికి దుకాణంలోనే కూర్చోవచ్చుగా అన్నాను. ఆమె పట్టించుకోలేదు. కొన్నాళ్లకు బిట్టు మంచం కింద నుంచి మూతి బయటపెట్టింది. ఇంకొన్నాళ్లకు వచ్చి ఆమె చీర అంచు వాసన చూసింది. అప్పుడు కూడా ఆమె చెయ్యి చాపలేదు. కింద పెట్టిన చేతిని అక్కడే ఉంచింది. దాని మూతి వచ్చి చేతి వెనుక వైపు తగిలింది.

ఆమె చెయ్యి ఎప్పుడూ పైనుంచి పోయేది కాదు. కట్టెలు పడింది పైనుంచే కదా. పక్క నుంచి, భుజం మీద, ఒక్కసారి అలా తాకి తీసేసేది. పాలల్లో నానబెట్టిన రొట్టె ముక్క పెట్టేది. అది బిగుసుకుంటే చెయ్యి వెనక్కి తీసుకుని, పెళ్లిపిల్లలతో మాట్లాడినట్టే దాంతోనూ ముచ్చట పెట్టేది. ఏం తిన్నవ్‌రా బిట్టూ, ఎవరి మీద మొరిగినవ్ ఇయ్యాల, అని. భుజం అయ్యాక వీపు, వీపు అయ్యాక మెడ. మెడ దగ్గర చాలా రోజులు ఆగాల్సి వచ్చింది, తాడు బిగిసిన చోటు అది. ఒకరోజు వేలు మెడను తాకగానే అది కూలబడి వణికితే, ఆమె పని అంతటితో ఆపేసి వచ్చి, దుకాణంలో నా పక్కన కూర్చుని కళ్లు తుడుచుకుంది.

కత్తెరకు నా అవసరం పడింది. కత్తెర చప్పుడుకే బిట్టు మంచం కిందికి పారిపోతోందట. నా పాత కత్తెర ఒకటి ఇచ్చాను. దాన్ని కుక్కకు దూరంగా గడప దగ్గర కూర్చుని ఊరికే ఆడించేది, చప్పుడైనప్పుడల్లా రొట్టె ముక్క వేసేది. తర్వాత కొంచెం దగ్గరికి జరిగేది. చివరికి ఆ చప్పుడు వింటే బిట్టు నోరూరి పరుగెత్తుకొచ్చే దాకా వచ్చింది వ్యవహారం. అప్పుడు ఒక్క ఉండ కత్తిరించింది. ఆ రోజుకు అంతే. నేనైతే పట్టుకుని మొత్తం గొరిగేసేదాన్ని. అందుకే ఆమె గాజులు తొడుగుతుంది, నేను బట్ట కోస్తాను.

నేల మీద ఒక గోనెపట్టా పరిచేది. దాని మీద నిలబడితే ఒంటిమీద చెయ్యి పడుతుంది, చెయ్యి పడితే నొప్పి ఉండదు, రొట్టె ఉంటుంది, ఇదీ బిట్టుకు ఆమె నేర్పిన పాఠం. ఒక్క తన చేతికే అలవాటైతే లాభం లేదని, ముందు ప్రేమలను కూర్చోబెట్టి ఆమె చెయ్యి పట్టుకుని తనే దాని వీపు మీద పెట్టించింది. పండరి పోయాక ప్రేమల ఆ కుక్కను నిమరడం అదే మొదటిసారి. ఏడుపు ఆపుకోవడానికి ఆమె పెదవి కొరుక్కుంది, ఏడిస్తే కుక్క బెదురుతుందని. తర్వాత నన్ను పిలిచారు. పుట్టి బుద్ధెరిగాక నేను కుక్కను ముట్టుకున్నది అప్పుడే. వెచ్చగా ఉంది. దాని గుండె నా అరచేతికి తగిలింది. ఇంటికి పోయి చేతులు కడుక్కున్నాను గానీ, రెండో రోజు పిలవకుండానే పోయాను.

గోళ్లు అన్నింటికన్నా ఆఖరున. కాలు పట్టుకోనిస్తే అన్నీ పట్టుకోనిచ్చినట్టే అంది మెహబూబక్క. ఆ పంజాను చేతిలోకి తీసుకుని, ఒత్తకుండా, దాని వేళ్లు వాటంతట అవే మెత్తబడే దాకా అలాగే ఉంచేది. అరికాల్లో దిగిన గోరు తీసిన రోజున బిట్టు ఒక్కసారి కుయ్యిమంది. కరవలేదు. పట్టా మీద నుంచి కదల్లేదు. ప్రేమల పరుగున వచ్చి మా ఇద్దరికీ చాయ్ పోసింది, చక్కెర వెయ్యడం మరిచిపోయి.

దసరాకు ముందే దిలీప్ తన మనుమరాలిని ఎత్తుకుని వచ్చి చూశాడు. బొచ్చంతా పొట్టిగా కత్తిరించి, సన్నగా, చెవులు పెద్దవిగా, అదేదో వేరే కుక్కలా ఉంది బిట్టు. ఆయన వంగి వీపు నిమిరాడు, అది నిలబడే ఉంది. ఇంక మంజీర మాట ఎందుకు, ఉండనియ్యి అన్నాడు. దవాఖానకు తాడు లేకుండా నడిపించుకుపోయి రేబిస్ సూది వేయించారు. డాక్టరు సంతోషపడ్డాడు. బొచ్చు కింద ఇంకా గోమార్లు మిగిలాయి, వాటి సూదిమందు మా దగ్గర ప్రస్తుతం అయిపోయింది, వచ్చే వారం తీసుకురండి అని చెప్పి పంపాడు.

ఆ వారం ఆగితే ఎంత బాగుండేది.

ప్రేమల తమ్ముడిది బీర్కూర్. మధ్యలో ఆమె వాళ్లింటికి పోయింది. అక్కడ తమ్ముడు బర్రెలకు గోమార్ల మందు కొట్టడం చూసింది. మూతెడు మందు బకెట్ నీళ్లలో కలిపి ఒంటికి రుద్దితే తెల్లారేసరికి గోమార్లన్నీ రాలిపోయాయి. ఆమెకు ఆశ పుట్టింది. వారం దాకా ఎందుకు, మెహబూబక్క వచ్చి చూసేసరికి బిట్టు ఒళ్లు అద్దంలా ఉండాలి అనుకుంది. చిన్న సీసాలో మందు పోయించుకుని వచ్చింది.

బర్రె పెద్దది, దానికి బకెట్ నీళ్లు. కుక్క చిన్నది, దీనికి చెంబెడు నీళ్లు చాలు. ఆమె లెక్క అక్కడి దాకా సరిగ్గానే నడిచింది. నీళ్లు తగ్గించింది, మందు తగ్గించలేదు. అదే మూతెడు. గోనెపట్టా పరిచింది, బిట్టు వచ్చి నిలబడింది. చెంబు మొత్తం దాని వీపు మీద, మెడ మీద, చెవుల వెనుక పోసి, వేళ్లతో బాగా రుద్దింది. గోమార్లు కొరికిన చర్మం, దాని మీద బొచ్చు కూడా లేదు. ఎండలో ఆరుతూ అది ఒళ్లు నాక్కుంది.

మెహబూబక్క ఆ మధ్యాహ్నం పోయేసరికి బిట్టు నోట్లోంచి చొంగ కారుతోంది, వెనుక కాళ్లు ఆగకుండా కొట్టుకుంటున్నాయి. నాకు కబురు అంది మిషను వదిలేసి ఉరికాను. ఆటోలో మెహబూబక్క ఒళ్లో వేసుకుని కూర్చుంది, మంచి చీర మీదనే. దవాఖానలో డాక్టరూ కంపౌండరూ కలిసి సబ్బు నీళ్లతో ఒళ్లంతా కడిగారు, సూదులు వేశారు, సెలైన్ ఎక్కించారు. సూది గుచ్చడానికి ముందరి కాలు సాగదీస్తే ఆ వణుకులో కూడా అది కాలు ఇచ్చింది. ఎవరి మీదా గుర్రుమనలేదు. పొద్దు వాలకముందే పోయింది. కుక్కలంటే పడని నేను ఆ దవాఖాన మెట్ల మీద కూర్చుని నా సొంత మనిషి పోయినట్టు ఏడ్చాను.

ప్రేమల ఏడవలేదు. సీసా ఇంకా ఆమె చేతిలోనే ఉంది, డాక్టరుకు చూపించడానికి తెచ్చింది. డాక్టరు ఆమెను ఒక్క మాట అనలేదు. ఎంత కలిపావో మాత్రం అడిగి, తల దించుకున్నాడు. ప్రేమల మెహబూబక్క వైపు తిరిగింది.

"మందు మండుతున్నట్టుండెనక్కా. ఒళ్లంత వణికిండు. ఉరుకుతడేమో అనుకున్న. కదల్లే. నన్ను చూసుకుంట అట్లనే నిలవడ్డడు."

మెహబూబక్క ఆమె రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది.

"నువ్వు పాణం బెట్టి పోసినవ్ చెల్లె. నిలవడుడు నేర్పింది నేను."

అలా నేరం ఎవరికి వారే మోయాలని చూశారు, బరువు ఇద్దరికీ తగ్గలేదు. కాలువ గట్టున తుమ్మ చెట్ల దగ్గర పూడ్చాం. దిలీప్ వచ్చి గుంత తవ్వాడు. కొన్నాళ్లకే ప్రేమల ఇల్లు ఖాళీ చేసి తమ్ముడి దగ్గరికి పోయింది. ఆ బర్రెల మధ్య, ఆ మందు వాసనలో ఎట్లా ఉంటుందోనని నాకు దిగులు. ఫోన్ చేస్తే బాగున్నానంటుంది. అంతకుమించి మాట్లాడదు.

మెహబూబక్క దుకాణం మానలేదు. పిల్లలు వస్తారు, కూర ఏంటని అడుగుతుంది, చేతులు నింపి పంపుతుంది. చూసేవాళ్లకు తేడా తెలియదు. పక్కన కూర్చునే నాకు తెలుసు. ఏ పిల్లయినా చెయ్యి మెత్తగా ఆమెకు అప్పజెప్పి నవ్వుతూ చూస్తే, ఒక్క క్షణం ఆమె వేళ్లు ఆగిపోతాయి.

చలికాలంలో మా అరుగు కింద ఒక వీధికుక్క ఈనింది. పిల్లలు కళ్లు తెరిచి, గునగునా నడుస్తూ బజారులో కనపడ్డ ప్రతి కాలినీ నాకుతున్నాయి. ఎవరో బిస్కెట్ వేస్తారు, ఎవరో ఎత్తుకుంటారు. ఒకరోజు వాటిలో ఒకటి మెహబూబక్క పాదాల దగ్గరికి తోకాడిస్తూ వచ్చింది. ఆమె వంగి కంకర రాయి తీసి దాని పక్కన పడేలా విసిరింది. అది బెదరలేదు, ఆటనుకుని రాయి వాసన చూసింది. జీవితంలో దేని మీదా చెయ్యెత్తని మనిషి. నాకు కోపం ఆగలేదు. అవి నీకేం చేశాయక్కా, నీ దుఃఖం వాటి మీద తీర్చుకుంటావా అని గట్టిగానే అడిగాను.

"ఏం చెయ్యలే. ఎవరు పిలిస్తె వాళ్లకాడికి పోతున్నయి రోజా. మనిషి చెయ్యి కనవడితె దూరం ఉరకాలె. గది నేర్వకుంటె ఇవి గూడ బతకయి."

పిల్ల మళ్లీ తోకాడిస్తూ వచ్చింది. ఆమె ఇంకో రాయి తీసుకుంది. ఈసారి తగిలేటట్టే విసిరింది. అది కుయ్యిమంటూ పరుగెత్తి అరుగు కిందికి దూరింది. మెహబూబక్క గోడకు తిరిగి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది.